తలకు నూనె: ఎందుకు పెట్టాలి, ఎలా పెట్టాలి, ఎప్పుడు మానాలి

గద్వాల వైపు నడిగడ్డలో, విత్తనం కోసం వేసే సీడ్ పత్తి పూతకొచ్చిందంటే ఆడవాళ్లకు పొద్దంతా చేనే. మధ్యాహ్నం నుంచి మొగ్గలు ఒలవాలి, మర్నాడు పొద్దున వాటికి పుప్పొడి అద్దాలి. వడ్డేపల్లి, అయిజ, గట్టు వైపు ఈ క్రాసింగ్ పని సాగినన్నాళ్లూ తల ఎండకూ దుమ్ముకూ అప్పగించినట్టే. సీజన్ అయిపోయేసరికి జడ చివర్లు ఎర్రబారి, పెళుసెక్కి, దువ్వెన పెడితే తెగి చేతిలోకొస్తాయి. "నూనె పెట్టక అట్లయింది" అంటుంది ఇంట్లో అవ్వ. "నూనె పెడితేనే చుండ్రు ఎక్కువైతుంది" అంటుంది కాలేజీకి పోయే మనవరాలు. ఇద్దరూ తాము చూసిందే చెబుతున్నారు, ఇద్దరి మాటా నిజమే. అవ్వ చూసింది వెంట్రుకను, మనవరాలు చూసింది తల చర్మాన్ని. ఆ రెండు చోట్లా నూనె చేసే పని వేరు. తలనూనె విషయంలో మనకున్న అయోమయం చాలావరకు ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్ల వచ్చిందే.

నూనె వెంట్రుకకు ఆహారమా?

కాదు. వెంట్రుకలో ప్రాణమున్నది చర్మం లోపల, కుదురు దగ్గర మాత్రమే. అక్కడికి కావలసిన ప్రొటీను, ఇనుము, జింకు అన్నీ రక్తం తెచ్చిపెడుతుంది. చర్మం దాటి బయటికొచ్చిన వెంట్రుక కెరటిన్ అనే ప్రొటీనుతో తయారైన నిర్జీవమైన పోగు. దానికి తిండి పెట్టలేం, దెబ్బ తగలకుండా మాత్రం చూసుకోగలం. నూనె చేసేది ఆ కాపలా పని.

వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అంటే 60 సెంటీమీటర్ల జడ ఉన్న అమ్మాయికి ఆ జడ కొస ఐదేళ్ల కిందట పుట్టింది. ఐదు ఎండాకాలాలు, వందలసార్లు తలస్నానం, రోజూ దువ్వెన, రబ్బరు బ్యాండు, అన్నీ భరించి అక్కడిదాకా వచ్చింది. వెంట్రుక పైపొర పెంకుటింటి కప్పులా ఉంటుంది. సన్నటి పొలుసులు ఒకదాని మీద ఒకటి, కుదురు నుంచి కొసవైపు వాలుగా పరచుకుని ఉంటాయి. ఎండ, ఒరిపిడి, రంగులు, మాటిమాటికీ తడవడం ఆ పెంకులను లేపుతాయి. తడిసినప్పుడు వెంట్రుక ఉబ్బుతుంది, ఆరాక మళ్లీ సన్నబడుతుంది. ఇలా ఉబ్బి తగ్గినప్పుడల్లా పెంకులు సడలి, లోపలి ప్రొటీను కొంచెం కొంచెం నీళ్లతో పోతుంది. ముందుగా నూనె పూత ఉంటే వెంట్రుక నీళ్లు తక్కువ పీలుస్తుంది, వెంట్రుకకూ వెంట్రుకకూ ఒరిపిడి తగ్గుతుంది, దువ్వెన చిక్కుకోకుండా జారుతుంది.

తల చర్మానికి మాత్రం సొంత నూనె ఉంది. కుదుళ్ల పక్కనే ఉండే తైల గ్రంథులు సెబమ్ అనే జిడ్డును రోజంతా ఊరిస్తూనే ఉంటాయి. పొట్టి జుట్టుకు అది సరిపోతుంది. పొడవాటి జడలో కొసదాకా చేరదు. అందువల్ల బయటి నూనె అవసరం కొసలకే ఎక్కువ. మన అలవాటు దీనికి తలకిందులు. గుప్పెడు నూనె నడినెత్తిన పోసి, చేతికి మిగిలింది జడకు తుడుస్తాం. ఈ ఒక్క అలవాటు మార్చుకుంటే నూనె మీద వచ్చే ఫిర్యాదులు సగం తగ్గుతాయని నా గట్టి నమ్మకం.

కొబ్బరి నూనెకు అంత పేరెందుకు?

2003లో ముంబయిలోని మారికో కంపెనీ పరిశోధకులు ఆర్తి రేలే, ఆర్.బి. మొహిలే కొబ్బరి నూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ వెంట్రుకల మీద పోల్చి చూశారు. కడగడానికి ముందు రాసినా, కడిగాక రాసినా ప్రొటీను నష్టాన్ని గట్టిగా తగ్గించింది కొబ్బరి నూనె ఒక్కటే. మారికో కొబ్బరి నూనె అమ్మే కంపెనీ కనుక ఆ సంగతి గుర్తుపెట్టుకునే దీన్ని చదవాలి. అయినా వాళ్లు చెప్పిన కారణం రసాయనశాస్త్రానికి సరిపోతుంది. కొబ్బరి నూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లమే. దాని గొలుసు పొట్టిది, వంపుల్లేనిది, ప్రొటీనుకు అతుక్కునే గుణమున్నది. కాబట్టి పెంకుల సందుల్లోంచి లోపలికి దూరగలదు. పొద్దుతిరుగుడు నూనెలోని లినోలిక్ ఆమ్లం గొలుసు పొడవు, పైగా వంపులు తిరిగి ఉంటుంది, అది చాలావరకు పైనే ఉండిపోతుంది. మినరల్ ఆయిల్‌ది పెట్రోలియం పుట్టుక. ప్రొటీనును పట్టుకునే గుణం దానికి లేదు. అది విషం అని జరిగే ప్రచారం తప్పు, శుద్ధి చేసిన మినరల్ ఆయిల్ పైపూతగా పనికొస్తుంది. అంతకుమించి ఆశించకూడదు.

ఇక్కడ రుజువైంది ఉన్న వెంట్రుక తక్కువ పాడవుతుందని. కొత్త వెంట్రుక మొలుస్తుందని ఆ పరిశోధన చెప్పలేదు.

నడిగడ్డ కొబ్బరి పండే నేల కాదు. మన గానుగలకు కుడుకలు కోనసీమ నుంచో కర్ణాటక నుంచో రావాల్సిందే. డిసెంబరు పొద్దున సీసాలో నూనె తెల్లగా పేరుకుంటే కల్తీ అని కొందరు భయపడతారు. కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, అది దాని సహజ గుణం. పిట్టగోడ మీద ఎండలో కాసేపు పెడితే కరుగుతుంది, లేదా గిన్నెడు వేణ్ణీళ్లలో సీసా నిలబెట్టినా చాలు. పొయ్యి మీద పెట్టి పొగలు రప్పించొద్దు. అసలు అనుమానించాల్సింది ఫ్రిజ్‌లో పెట్టినా గట్టిపడని కొబ్బరి నూనెను.

మరి మన ఆముదం?

పాలమూరు చెల్కలకు ఆముదం పాత చుట్టం. ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలు ఒకప్పుడు ఆముదానికి పెట్టింది పేరు. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలోని వ్యవసాయ పరిశోధనా స్థానం ఈ పంట మీద ఏళ్ల తరబడి పనిచేసి క్రాంతి, హరిత వంటి రకాలను రైతుల చేతికిచ్చింది. పత్తి వచ్చి ఆముదం చేన్లను తగ్గించింది గానీ, తలకు ఆముదం పెట్టే అలవాటు ఊళ్లలో ఇంకా పోలేదు.

ఇళ్లలో చేసే వంటాముదం తీరు చూసినవాళ్లు ఇప్పుడు తక్కువ. ఎండిన గింజలను ముందు బాణలిలో దోరగా వేయిస్తారు. రోట్లో వేసి మెత్తగా ముద్దయ్యేదాకా దంచుతారు. పెద్ద గిన్నెలో నీళ్లు మరగబెట్టి ఆ ముద్దను అందులో కలిపి, సన్నటి మంట మీద ఓపికగా కాస్తారు. నురుగుతో పాటు నూనె పైకి తేలుతుంది. దాన్ని గరిటెతో మెల్లగా తీసి వేరే గిన్నెలోకి ఒంపి మళ్లీ వేడిచేస్తారు. అందులో తడి ఉన్నంతసేపూ చిటపటమంటుంది. ఆ చప్పుడు పూర్తిగా ఆగితే నీరు పోయినట్టు, నూనె నిలవుంటుందన్నట్టు. రంగు ముదురుగా, వాసన కొద్దిగా మాడినట్టు ఉంటుంది. గింజలో రైసిన్ అనే కడు ప్రమాదకరమైన విషముంది. అది ప్రొటీను కాబట్టి నూనెలో కరగదు, పిప్పిలోనే ఉండిపోతుంది, బాగా మరిగిస్తే చెడిపోతుంది. అందుకే నూనె తలకు పెట్టుకోవచ్చు, గింజలను మాత్రం పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడాలి. గానుగ నుంచి వచ్చిన పచ్చి ఆముదపు చెక్కను పశువులకు వేయకూడదు. చేనుకు ఎరువుగా వేయడమే దాని వాడకం.

ఆముదంలో 85 నుంచి 90 శాతం దాకా రిసినోలిక్ ఆమ్లం ఉంటుంది. దాని అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోవడం వల్లే మిగతా నూనెలకు లేని ఆ జిగురు, ఆ చిక్కదనం. వెంట్రుక లోపలికి అది పెద్దగా పోదు, పైన మందమైన పూతగా నిలబడుతుంది. ఎండిపోయిన కొసలకు, గిరజాల జుట్టుకు ఈ పూత మేలు చేస్తుంది. జుట్టు ఒత్తుగా, నల్లగా నిగనిగలాడుతూ కనిపించేదీ ఈ పూత వల్లే. దాన్నే మనం "ఆముదం పెడితే జుట్టు ఒత్తుగా పెరిగింది" అనుకుంటాం. కొబ్బరి నూనె, ఆముదం, ఆర్గన్ నూనెల మీద వచ్చిన అధ్యయనాలన్నింటినీ వైద్యులు కూడగట్టి పరిశీలించి 2022లో ఒక సమీక్ష ప్రచురించారు. ఆముదం మెరుపునిస్తుందనడానికే బలహీనమైన ఆధారం దొరికింది. వెంట్రుకలు మొలిపిస్తుందనడానికి గట్టి ఆధారం లేదని తేలింది. ఆముదాన్ని ప్రాణంగా చూసుకునే నేలలో ఈ మాట చెప్పడం నాకూ కష్టంగానే ఉంది, అయినా చెప్పకుండా ఉండలేను.

ఆముదాన్ని ఒట్టిగా పెట్టొద్దు. ఒక వంతు ఆముదానికి రెండు మూడు వంతులు కొబ్బరి నూనెగానీ నువ్వుల నూనెగానీ కలపండి. 2017లో మన దేశపు వైద్యులు ఒక యువతి కేసును అంతర్జాతీయ ట్రైకాలజీ పత్రికలో రాశారు. ఆముదం వాడి తలస్నానం చేశాక ఆమె పొడవాటి జుట్టంతా విడదీయరాని ఉండకట్టుకుపోయింది. కత్తిరించడం తప్ప దారి లేకపోయింది. అరుదుగా జరిగేదే, కానీ పొడవు జుట్టున్నవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. చిక్కు తీయకుండా చిక్కటి నూనె పెట్టకూడదు, తల రుద్దేటప్పుడు జుట్టంతా నెత్తిమీదికి పోగేసి పిసకకూడదు.

నువ్వుల నూనె, పల్లి నూనె పనికిరావా?

నువ్వుల నూనె నిక్షేపంగా పనికొస్తుంది. సెసమాల్ వంటి పదార్థాలు సహజంగానే ఉండటం వల్ల త్వరగా కమటు వాసన రాదు. ఆముదం కంటే పలచన, కడిగితే తేలిగ్గా పోతుంది. గద్వాల, వనపర్తి మార్కెట్లకు పల్లి ఎంత వచ్చినా పల్లి నూనె మాత్రం వంటకే ఉంచండి. తలకు హాని ఏమీ లేదు, ప్రత్యేకమైన మేలూ లేదు. దుమ్ము పట్టి వాసనొస్తుంది.

చుండ్రు ఉంటే నూనె పెట్టొచ్చా?

ఇక్కడ మనవరాలి మాటే నెగ్గుతుంది. చుండ్రుకు ప్రధాన కారణం మలసేజియా అనే శిలీంధ్రం. అందరి తలల మీదా ఉంటుంది. దానికి సొంతంగా కొవ్వు ఆమ్లాలు తయారు చేసుకునే శక్తి లేదు, మన చర్మం మీది జిడ్డు తిని బతుకుతుంది. ఆ క్రమంలో అది వదిలే పదార్థాలు కొందరి చర్మాన్ని రేపి దురద, పొట్టు తెప్పిస్తాయి. అలాంటి తలకు రాత్రంతా నూనె పట్టించడం దానికి మరింత మేత వేయడమే. నూనె పెట్టగానే పొట్టు అంటుకుపోయి కనబడదు, దురద కాస్త ఆగుతుంది. రెండు మూడు రోజులకు మళ్లీ మొదలవుతుంది. దాంతో ఇంకా నూనె పెడతాం.

పొట్టు జిడ్డుగా, పసుపుపచ్చగా ఉండి, కనుబొమల దగ్గర, ముక్కు పక్కన కూడా ఎర్రగా అయితే అది చుండ్రు జబ్బే. కొన్నాళ్లు తల చర్మానికి నూనె ఆపి, మందుల దుకాణంలో దొరికే కీటోకొనజోల్ 2 శాతం షాంపూను వారానికి రెండుసార్లు, తలకు రాసి మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచి కడగాలి. మూడు నాలుగు వారాలకు తేడా తెలుస్తుంది. ఆ రోజుల్లో కూడా జడ కొసలకు నూనె రాసుకోవచ్చు, దానికి అడ్డు లేదు. చలికాలంలో తెల్లటి సన్నటి పొడిలా రాలి, చర్మం బిగుసుకుపోయినట్టుంటే అది ఒట్టి పొడితనం. దానికి మాత్రం స్నానానికి అరగంట ముందు కొద్దిగా నూనె మేలు చేస్తుంది.

నుదుటి మీద, చెంపల అంచున మొటిమలు వస్తున్న పిల్లలు కూడా కుదుళ్లకు నూనె తగ్గించాలి. ముఖం మీదికి జారిన నూనె రంధ్రాలను మూసి మొటిమలు తెస్తుంది.

పేలకు నూనె మందేనా?

సగం మందు. నూనెలో మునిగిన పేను చురుకుదనం తగ్గి దువ్వెనకు చిక్కుతుంది. దాని గుడ్లు, అంటే ఈపులు, మాత్రం చావవు. వారం నుంచి పది రోజుల్లో వాటి నుంచి పిల్లలొస్తాయి. అందుకే ఒకసారి నూనె పెట్టి దువ్వి ఊరుకుంటే పదో రోజుకు మళ్లీ పేలు. తలంతా నూనె పట్టించి, పాయలు పాయలుగా తీసి, కుదురు నుంచి కొసదాకా పేలదువ్వెనతో దువ్వాలి. మూడు నాలుగు రోజులకోసారి, కనీసం రెండు మూడు వారాలపాటు. తగ్గకపోతే 1 శాతం పర్మెత్రిన్ లోషన్ వాడి, తొమ్మిది పది రోజులకు మళ్లీ ఒకసారి వాడాలి. ఇంట్లో, హాస్టల్ గదిలో పేలున్న అందరికీ ఒకేసారి చూడాలి.

పత్తి పండే ఊళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి. చేనుకు కొట్టే మందును, పొడిని పేలకని పిల్లల తలకు రాయడం ప్రాణాల మీదికి తెస్తుంది. తల చర్మం దాన్ని రక్తంలోకి పీల్చుకుంటుంది. కిరోసిన్ కూడా వద్దు, పొయ్యి దగ్గరికి పోతే తల అంటుకుంటుంది.

పసిబిడ్డ మాడుకు ఆముదం పెట్టాలా?

బాలింత ఇంట్లో ఇది రోజూ నడిచే తంతు. మంత్రసాని గానీ అమ్మమ్మ గానీ కాళ్లు చాపి కూర్చుని బిడ్డను పండబెట్టుకుంటుంది. మాడు మీద చెంచాడు ఆముదం అద్ది, మూడు వేళ్లతో మెల్లగా తడుతూ, "మాడు పూడాలె" అంటుంది. ఒళ్లంతా నూనె మర్దన చేసి, నలుగు పెట్టి, వేణ్ణీళ్లతో లాల పోస్తుంది. ఈ మర్దనలో మంచి చాలా ఉంది. బిడ్డకు తాకిడి, వెచ్చదనం, తల్లికి కాస్త విశ్రాంతి. మాడు పూడటానికి మాత్రం నూనెతో పనిలేదు. పుర్రె ఎముకలు పెరిగి అతుక్కునేదాకా అక్కడ మెత్తగానే ఉంటుంది, చాలామంది పిల్లల్లో ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్యలో దానంతటదే మూసుకుంటుంది. మెత్తగా ఉందని గట్టిగా ఒత్తకూడదు. మాడు లోపలికి గుంటపడితే బిడ్డ ఒంట్లో నీరు తగ్గిందని, ఉబ్బి ఉంటే మరో జబ్బని అనుమానించి వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. అప్పుడు నూనె పెడుతూ కూర్చుంటే పొద్దు మించిపోతుంది.

కొందరు పిల్లలకు మాడు మీద పసుపు రంగు చెక్కు కడుతుంది. దానికి స్నానానికి ముందు కొద్దిగా కొబ్బరి నూనె రాసి నానబెట్టి, మెత్తటి గుడ్డతో తుడిస్తే రెండు మూడు వారాల్లో ఊడుతుంది. గోళ్లతో గీకొద్దు.

ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వేయడం మాత్రం ఇవాళే మానేయాలి. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తుంది. అది మామూలు మందులకు లొంగేది కాదు. వేపనూనె పేలకు వాడే ఇళ్లలో ఆ సీసా పిల్లలకు అందకూడదు. పసిపిల్లలు తాగితే ఫిట్స్ వచ్చి ప్రాణం పోయిన ఘటనలు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

నూనె చలవ చేస్తుందా?

నూనె ఒంటి వేడిని తగ్గించదు. మర్దనతో మెడ, నుదురు కండరాలు సడలి నిద్ర పడుతుంది, ఆ హాయినే చలవ అంటున్నాం. హాయి నిజమే కనుక ఆ అలవాటును ఎందుకు కాదనాలి? "కూల్" అని అమ్మే నూనెల సంగతి వేరు. వాటిలో మెంథాల్, కర్పూరం ఉంటాయి. చల్లదనాన్ని గుర్తించే నరాలను అవి తట్టిలేపుతాయి, వేడి మాత్రం అంతే ఉంటుంది. చుండ్రుకని, పేలకని కొబ్బరి నూనెలో కర్పూరం బిళ్లలు కరిగించి పెట్టడం మన ఇళ్లలో మామూలు. పెద్దవాళ్లకు దురద తగ్గినట్టు ఉంటుంది. రెండేళ్ల లోపు పిల్లలకు దీన్ని అసలు పెట్టొద్దు. కర్పూరం చర్మం గుండా లోపలికి పోతుంది, కొంచెం మింగినా పిల్లలకు ఫిట్స్ వస్తాయి.

ఆకులు, పూలు వేసి కాచిన నూనెలో ఏముంటుంది?

గుంటగలగర, కరివేపాకు, మందార, మెంతులు, ఉసిరి వేసి నూనె కాచని ఇల్లు లేదు. నూనెలోకి దిగేవి నూనెలో కరిగే పదార్థాలే. ఆకుల పచ్చదనం, సువాసనలు, కొన్ని ఔషధ పదార్థాలు దిగుతాయి. ఉసిరిలోని సి విటమిన్, మందారపు ఎరుపు నీళ్లలో కరిగేవి, నూనెలోకి రావు. నూనె ఎంత ఆకుపచ్చగా ఉంటే అంత బలం అనుకోవడంలో అర్థం లేదు, అది పత్రహరితం రంగు. ఇష్టమైతే కాచుకోండి, ఒక్క జాగ్రత్త తీసుకోండి. ఆకులు కడిగి, నీడలో బాగా ఆరబెట్టి వేయాలి. తడి మిగిలితే నూనె బూజు పట్టి పాడవుతుంది. ఆకులు గలగలలాడి, చిటపట ఆగాకే దించి వడకట్టాలి. రెండు మూడు నెలలకు సరిపడా మాత్రమే చేసుకోవాలి. కమటు వాసన వచ్చిన నూనె తలకు కూడా పనికిరాదు.

ఎలా పెట్టాలి, ఎలా కడగాలి?

రోజూ అవసరం లేదు. వారానికి ఒకటి రెండుసార్లు, తలకు పోసుకునే ముందు పెట్టుకోవాలి. నడుము దాకా జుట్టున్నవాళ్లకు రెండు చెంచాలు, పొట్టి జుట్టుకు ఒక చెంచా చాలు. ముందు చిక్కు తీయాలి. గోరువెచ్చటి నూనె అరచేతుల్లో రుద్దుకుని కొసల నుంచి పైకి రావాలి. చివరగా వేళ్లకు మిగిలిన తడితో తల చర్మాన్ని మునివేళ్లతో మెల్లగా మర్దించాలి. గోళ్లు తగలకూడదు. అరగంట నుంచి రెండు గంటలు చాలు. కొసలు బాగా ఎండినవాళ్లు రాత్రంతా ఉంచుకోవచ్చు. నూనె పెట్టిన వెంటనే గట్టిగా లాగి జడ అల్లొద్దు. బడికి, గురుకులానికి పోయే పిల్లలకు రెండు జడలు బిగించి కడతాం. ఏళ్ల తరబడి అలా లాగితే నుదుటి అంచున జుట్టు వెనక్కి పోతుంది, అది తిరిగి రాకపోవచ్చు.

కడగడం దగ్గర మనకు పెద్ద చిక్కు బోరు నీళ్లు. ఉప్పు, సున్నం ఎక్కువున్న నీళ్లలో ఒంటి సబ్బు తలకు రుద్దితే సబ్బూ సున్నమూ కలిసి తెల్లటి తెట్టుగా వెంట్రుకలకు పట్టుకుంటుంది. "నూనె పోలేదు" అని మళ్లీ రుద్దుతారు, జుట్టు ఇంకా గరుకవుతుంది. షాంపూకు ఈ సమస్య లేదు. కుంకుళ్లలోని సపోనిన్లు కూడా నూనెను సున్నితంగా వదిలిస్తాయి. గింజలు తీసి, వేణ్ణీళ్లలో నానబెట్టి, పిసికి, గుడ్డలో వడకట్టి వాడండి. కళ్లలో పడితే మంట భయంకరంగా ఉంటుంది కనుక పిల్లలను తల వెనక్కి వాల్చి పోయాలి. ఇంట్లో మిషన్ భగీరథ నీళ్లు వస్తుంటే కనీసం ఆఖరి రెండు చెంబులైనా అవి పోసుకోండి.

చేన్లో పనిచేసేవాళ్లకు నూనె కంటే ముందు కావలసింది తలకు గుడ్డ. ఎండ వెంట్రుకలోని ప్రొటీనును నేరుగా దెబ్బతీస్తుంది. కొసలకు నూనె రాసి, జడ చుట్టి, పైన నూలు గుడ్డ కట్టుకుని పోతే సీజన్ చివర తేడా కళ్లకు కనబడుతుంది.

ఏ సీసా కొనాలి?

సీసా మీద "హెయిర్ ఆయిల్" అని ఉంటే వెనక్కి తిప్పి చదవండి. పెద్ద అక్షరాల్లో ఉసిరి, బాదం అని ఉన్నా, దినుసుల్లో మొదట లిక్విడ్ పారాఫిన్ అనో మినరల్ ఆయిల్ అనో ఉంటే సీసాలో ఎక్కువ భాగం అదే. స్వచ్ఛమైన కొబ్బరి నూనె కావాలంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉన్న వంట కొబ్బరి నూనే కొనండి. చిన్న సీసాలో అమ్మినంత మాత్రాన కొబ్బరి నూనె తలనూనె అయిపోదని 2024 డిసెంబరు 18న సుప్రీంకోర్టు కూడా తేల్చింది. కట్టె గానుగ నూనెలో సువాసన, కొంత ఇ విటమిన్ మిగులుతాయి. లారిక్ ఆమ్లం విషయంలో శుద్ధి చేసినదానికీ దానికీ పెద్ద తేడా లేదు. గానుగ మీద మక్కువ ఉంటే, మన ఊరి గానుగవాళ్ల బతుకు నిలవాలనుకుంటే అక్కడే కొనండి, అది మంచి కారణమే. జుట్టు రెట్టింపు పెరుగుతుందని మాత్రం కొనకండి.

జుట్టు రాలుతూనే ఉంటే?

రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం మామూలు. నూనె పెట్టి మర్దన చేసినప్పుడు చేతికొచ్చేవి చాలావరకు రాలడానికి సిద్ధంగా ఉన్నవే. డెంగీ, టైఫాయిడ్ వంటి జ్వరాలొచ్చిన రెండు మూడు నెలలకు, కాన్పయిన మూడు నాలుగు నెలలకు గుత్తులుగా రాలి, కొన్ని నెలల్లో మళ్లీ వస్తాయి. ఆ సమయంలో ఏ నూనె వాడుతుంటే దానికి ఘనత దక్కుతుంది. పేనుకొరుకుడు, అంటే రూపాయి బిళ్లంత మేర నున్నగా ఊడిపోవడం, పేల వల్ల రాదు. మన రోగనిరోధక శక్తే కుదుళ్ల మీద తిరగబడటం వల్ల వస్తుంది. స్కాట్లాండ్‌లోని అబెర్డీన్ వైద్యులు 1998లో ఈ జబ్బున్న 86 మందితో చేసిన పరిశీలనలో థైమ్, రోజ్‌మేరీ, లావెండర్, సెడార్ సుగంధ తైలాలు కలిపి రోజూ మర్దించినవారిలో 44 శాతం మందికి, ఉత్త నూనె రాసినవారిలో 15 శాతం మందికి మెరుగైంది. ఆశ కలిగించే ఫలితమే. అయితే ఆ తైలాలను నేరుగా రాస్తే చర్మం కాలుతుంది, వైద్యుల సలహా లేకుండా వాడొద్దు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనులు. ఇనుము తగ్గితే కుదురు పని మందగిస్తుంది, అక్కడికి ఏ నూనే చేరదు. మూడు నెలలు దాటి జుట్టు రాలుతుంటే, పాపిట వెడల్పవుతుంటే, బిళ్లలుగా ఊడుతుంటే ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోయి హిమోగ్లోబిన్ చూపించుకోండి, థైరాయిడ్ పరీక్ష అడగండి. చర్మవ్యాధుల వైద్యులు కావాలంటే వడ్డేపల్లి నుంచి కర్నూలు సర్వజన వైద్యశాల దగ్గరే. వందలు పోసి కొత్త నూనె సీసా కొనే ముందు ఈ రెండు పరీక్షలూ చేయించుకోండి.